సైదయ్య ఇంజనుకు కట్టిన పేలిక

"ఇంజను గిట్లనే ఆగుకుంట పోతే పొట్ట మీదున్న వరి తాలైతది బిడ్డా. ఇగ ఏడాదంత మనం తినేదేంది?"

మా అమ్మ బుచ్చమ్మ ఈ మాట నాతోనే అంది గానీ, చూపు మాత్రం బావి ఒడ్డున కూర్చున్న మనిషి మీద ఉంది. ఆయన పేరు సైదయ్య. ఆయిలింజనుకు ఎదురుగా గడ్డిమోపు మీద చేతులు కట్టుకొని కూర్చున్నాడు. ఇంజను నడుస్తోంది. పంపు మూతిలోంచి నీళ్ళు లావుగా కాలువలో పడుతున్నాయి. మేం చూస్తుండగానే ఇంజను చప్పుడు నీరసపడింది, పొగగొట్టం తెల్లటి పొగ వదిలింది, ధార సన్నబడింది. ఇక ఆగిపోతుందనుకునేలోగా దానంతట అదే తేరుకొని మళ్ళీ గట్టిగా కొట్టడం మొదలుపెట్టింది. ఒక్కోసారి ఇలా తేరుకునేది. ఒక్కోసారి పూర్తిగా ఆగిపోయేది. ఎప్పుడు ఏది చేస్తుందో ఎవరికీ తెలిసేది కాదు.

ఇది పోలీసు చర్య జరిగిన తరవాతి ఏడు, శివరాత్రి దాటిన రోజుల్లో, మిర్యాలగూడ పక్కన మా వేములపల్లిలో జరిగింది. నాన్న లేడు. అమ్మ తాబి వరి, అంటే ఎండాకాలం కోతకొచ్చే పంట, వేసింది. బావికి మోట ఉంది గానీ, మోటెద్దుల్లో ఒకటి సంక్రాంతి ముందు చచ్చిపోయింది. రెండో ఎద్దు ఒంటరిగా లాగలేదు. పైరు పొట్టకొచ్చింది. ఆ సమయంలో నీళ్ళు అందకపోతే గింజ పాలు పోసుకోదు. అందుకని అమ్మ సైదయ్య ఇంజను కిరాయికి మాట్లాడింది.

నేను మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి, పిల్ల పుట్టాక ఇంకా అక్కడే ఉన్నాను. మా ఆయన సూర్యాపేట బడిలో పంతులు. హైదరాబాదులో మేనమామ ఇంట్లో ఉండి ఇంటర్మీడియట్ సైన్సు చదివాను కాబట్టి, ఇంజను ఎందుకు నీరసపడుతోందో నాకు తెలియాలని అమ్మ నమ్మకం. నాకు తెలియదు. నా పిల్ల సాయంత్రం కాగానే కాళ్ళు కడుపులోకి ముడుచుకొని ఎందుకు ఏడుస్తుందో కూడా నాకు తెలియదు. వాము నీళ్ళు పట్టేదాన్ని, పొత్తి గుడ్డ వదులు చేసేదాన్ని, నేను పప్పు మానేసేదాన్ని, ఊయల తీసి ఇంకో గదిలో కట్టేదాన్ని. ఇవన్నీ ఒకే పూట చేసేదాన్ని.

సైదయ్యది కోదాడ. వడ్రంగుల ఇల్లు. జాన్‌పహాడ్ దర్గాలో సైదులుకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. తండ్రి బండి చక్రాలు చేసేవాడు. సైదయ్య వయసులో ఉండగా సరిహద్దు దాటి బెజవాడ వెళ్ళి ఒక బియ్యం మిల్లులో చేరాడు. మొదట ఇంజను గదిలో మసిగుడ్డలు ఉతికాడు. తరవాత ఇంజను తుడిచాడు. చివరికి ఇంజను డ్రైవరయ్యాడు. అందుకే ఆయన మాటలో ఒకపక్క 'సూడు', ఇంకోపక్క 'చూడండి' వినిపిస్తాయి.

తిరిగొచ్చి కోదాడ దగ్గర ఒక మిల్లులో కుదిరాడు. పోలీసు చర్యకు ముందటి గొడవల కాలంలో ఆ మిల్లు మూతపడింది. అయితే అంతకుముందే ఆయన అక్కడి నుంచి బయటికి వచ్చేశాడు. ఎందుకు వచ్చాడో తరవాత చెప్తాను. అనంతగిరి వైపు ఒక దొర తోటలో ఇంజను తుప్పు పడుతుంటే, భార్య గోపమ్మ కడియాలు అమ్మి దాన్ని కొన్నాడు. బండి మీద ఎక్కించి, బావి బావికీ తిప్పుతూ ఇద్దరూ బతుకుతున్నారు. గోపమ్మ బండి తోలుతుంది, పైపులు మోస్తుంది, బెల్టు ఎక్కిస్తుంది. ఇంజను జోలికి మాత్రం పోదు.

"గది ఆయన రెండో పెండ్లాం. మా ఇద్దరికి మాటల్లేవు," అంటుంది.

సైదయ్య పని చేసే తీరు నాకు మొదట అర్థం కాలేదు. ఆయన దగ్గర ఒక పేలిక ఉండేది. పాత పంచె నుంచి చించిన ఎర్రంచు ముక్క. ఇంజనులో ఏది విప్పి బిగించినా, ఏది శుభ్రం చేసినా, ఆ పేలిక తెచ్చి దానికి కట్టేవాడు. తరవాత ఇంజను తిప్పి, ఎదురుగా వచ్చి చేతులు కట్టుకొని కూర్చునేవాడు. ఆ పేలిక అక్కడున్నంతసేపూ ఇంకో నట్టు ముట్టేవాడు కాదు. ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు.

ఆ రోజు పేలిక పంపుకు పోయే బెల్టు దగ్గర కొయ్యకు కట్టి ఉంది.

"బెల్టు జారుతుందేమోనని బిగించిన," అన్నాడు సైదయ్య. "జారుతలేదు. చప్పుడే పడిపోతుంది. అంటే తప్పు పంపులో లేదు, ఇంజన్లనే ఉంది."

"గది నాకు ఎరుకే గద," అంది అమ్మ. "పొద్దటి సంది కూసున్నవ్. కూసున్నందుకు గూడ కిరాయా సైదయ్యా?"

పైపు మీద కూర్చొని తమలపాకు నములుతున్న గోపమ్మ నవ్వింది. "నా మొగడు కూసుంటెనే పని జేస్తున్నడని లెక్క అక్కా. లేసి తిరుగుతున్నడంటె బీడీల కట్ట దొరుకతలేదని."

"మీ ఇద్దరికి పరాచికాలే. నా మడి సూడున్రి, నెర్రెలిస్తుంది."

అమ్మ చెప్పింది నిజమే. బావికి దగ్గరి మడులు తడిశాయి. కింది మడుల్లో నేల విచ్చుతోంది. మడి గట్టు మీద నిలబడి చూస్తే, పొట్ట కర్రలు బిగిసి ఉండాల్సింది పోయి ఆకు అంచులు చుట్టుకుంటున్నాయి.

సైదయ్య పేలిక విప్పి, డీజిల్ నూనె ట్యాంకు కింది జల్లెడ దగ్గరికి మార్చాడు. జల్లెడ తీసి కడిగాడు. కొంచెం జిగట వచ్చింది. తుడిచి పెట్టాడు. ఇంజను కొంతసేపు బాగా నడిచింది. అమ్మ ముఖం విప్పారింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ అదే జబ్బు.

ఆ పైన పేలిక పొగగొట్టం మీదికి ఎక్కింది. లోపల మసి పట్టి పొగ తన్నుకుంటోందేమోనని గొట్టం విప్పి దులిపాడు. అదీ కాదు. నూనె గొట్టంలో గాలి చేరిందేమోనని నట్టు వదిలి, నాలుగు చుక్కలు కార్చి చూశాడు. బుడగలేం రాలేదు.

నేనూ ఊరుకోలేదు. పిల్లను భుజాన వేసుకొని గట్టు మీద తిరుగుతూ లెక్క కట్టాను. బావిలో నీళ్ళు దిగేకొద్దీ పంపు వాటిని ఇంకా పైకి ఎత్తాలి. బరువు పెరుగుతుంది. ఆ బరువుకే ఇంజను కుంగుతోందేమో. ఇదే మాట సైదయ్యతో అన్నాను. ఆయన తోసిపారేయలేదు. బావిలోకి తొంగిచూసి, కాసేపు ఆలోచించి, "నీ మాట మంచిగనే ఉంది బిడ్డా," అన్నాడు. "కాని నీళ్ళు బాగ దిగేది మిట్ట మధ్యాహ్నం. అప్పుడే ఇది మంచిగ నడుస్తుంది గద?"

నిజమే. అంతదాకా మేం ఇద్దరం ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. పొద్దున చలిలో ఇంజను ఎక్కువగా నీరసపడుతోంది. ఎండెక్కాక, ఇంజను వేడెక్కాక తేరుకుంటోంది. నా లెక్క ప్రకారం ఇది తలకిందులుగా ఉండాలి.

"అయితే వేడికి మారేదేదో చూడాలి," అన్నాను.

"వేడికి మారనిదేముంది?" అన్నాడు సైదయ్య. "ఇనుము మారుతది, నూనె మారుతది, మీ అమ్మ గూడ మారుతది."

అమ్మకు కోపం వచ్చింది. "మారుత, మారుత. రేపటికి గిది మంచిగ కాకుంటె మిర్యాలగూడ పోయి ఇంకో మేస్త్రిని తోలుకొస్త."

ఆయన నవ్వాడు గానీ ముఖం మాడింది. ఆ రాత్రి బండి కింద పడుకొనే ముందు గోపమ్మ నాకు ఆ పేలిక సంగతి చెప్పింది. ఆయన పని చేసిన కోదాడ మిల్లులో ఒకసారి ఇంజను ఇలాగే నీరసపడిందట. సైదయ్య ఆదరాబాదరాగా జల్లెడ కడిగాడు, నూనె చిమ్మే నాజిల్ మార్చాడు, గొట్టాలు విప్పాడు, నూనె మార్చాడు, ఒక్క పూటలోనే అన్నీ చేశాడు. ఇంజను లేడిపిల్లలా నడిచింది. సావుకారు సంతోషించి ఎర్రంచు పంచె పెట్టాడు. కొన్నాళ్ళకు మళ్ళీ అదే జబ్బు. పోయినసారి దేనివల్ల బాగైందో సైదయ్యకు తెలియదు. అన్నీ మళ్ళీ మార్చాడు, బాగు కాలేదు. మిల్లులో ఊరి ధాన్యం కుప్పగా పడి ఉంది. "పోయినసారి అదృష్టం గొద్ది బాగైంది, నీకేం తెల్వదు," అని సావుకారు పంపించేశాడు.

"పంచె మాత్రం వాపసు తీసుకోలే," అంది గోపమ్మ. "అది చినిగినంక అంచు ఈయన పెట్టుకున్నడు. నేను పొయ్యి మసిగుడ్డకు అడిగితె ఇయ్యలే."

మర్నాడు పొద్దున ఇంజను కొంతసేపు నడిచి, మళ్ళీ నీరసపడి, ఈసారి ఆగిపోయింది. సైదయ్య చక్రం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తరవాత ట్యాంకు వైపు చూశాడు. చేతిలో పేలిక ఉంది, ఎక్కడ కట్టాలో తెలియనట్టు.

"బుచ్చక్కా," అన్నాడు. "నీ నూనె జర చూస్త. నీకు అభ్యంతరం లేకుంటె."

ఆ మాట వెనక ఒక కట్టుబాటు ఉంది. కిరాయి ఇంజనుకు నూనె రైతుదే. ఆ రోజుల్లో డీజిల్ నూనె దొరకడం కష్టం. మిర్యాలగూడలో డబ్బా నూనె కోసం అమ్మ రెండుసార్లు తిరిగింది. అలాంటి నూనె మీద ఇంజను మేస్త్రి చెయ్యి పడితే, కొంత బండిలోకి పోయిందన్న మాట వస్తుంది. అందుకని సైదయ్య ఎక్కడికి పోయినా మొదటిరోజే చెప్పేవాడు: "ఇంజను నాది, నూనె మీది. మీ నూనె నేను ముట్ట." డబ్బా మా ఇంట్లో అమ్మ మంచం కింద ఉండేది. పొద్దున్నే అమ్మే స్వయంగా తెచ్చి ట్యాంకులో పోసేది. ఆయన ఆ సమయానికి మొహం తిప్పుకొని బీడీ కాల్చుకునేవాడు. అలా ఇంజనులో ఆయన చూడని చోటు అదొక్కటే మిగిలింది.

"సూడు, నాకేం," అంది అమ్మ. కానీ గొంతు కొంచెం మారింది.

సైదయ్య నన్ను గాజు గ్లాసు అడిగాడు. పిల్ల మందుకని తెచ్చుకున్న గ్లాసు ఇచ్చాను. ట్యాంకు అడుగున నూనె వదిలే మర తిప్పి గ్లాసులోకి కొంచెం నూనె పట్టి, ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. కదలకుండా పట్టుకోగా గ్లాసులో రెండు వరసలు కనిపించాయి. పైన పలచటి డీజిల్. అడుగున చిక్కగా, లేత పసుపుగా మరొకటి.

"నీళ్ళు గలిపిండు," అన్నాడు సైదయ్య. ముఖం ఎర్రబడింది. "ఆ మిర్యాలగూడోడు నీళ్ళు గలిపిండు! గోపమ్మా, ఎడ్లను కట్టు. పోయి వాని గల్లా పట్టుకుంట."

గోపమ్మ కదల్లేదు. "పేలిక కట్టినవా?"

ఆయన ఆగాడు. నిజమే, ఇంకా కట్టలేదు. కొంచెం సిగ్గుపడి, పేలికను మరకు చుట్టి, అడుగు నూనెలో పుల్ల ముంచి, ఇంకా వేడిగా ఉన్న పొగగొట్టం మీద చుక్క వేశాడు. నీళ్ళయితే చుర్రుమని ఎగిరిపోవాలి. చుక్క ఎగరలేదు. అక్కడే ఉండి పొగ చూరింది.

"నీళ్ళు కావు," అన్నాను.

"కావు." ఆయన వేలితో రుద్ది చూశాడు. "జిగురుగ ఉంది. ఏందిది?"

నేను గ్లాసు తీసుకొని వాసన చూశాను. డీజిల్ వాసన కింద మరో వాసన ఉంది. ఎక్కడిదో వెంటనే తట్టలేదు. అప్పుడు భుజం మీద పిల్ల కదిలింది, దాని తల నా ముక్కు కిందికి వచ్చింది. పొద్దున స్నానానికి ముందు మాడు మీద అద్దిన నూనె. అదే వాసన.

"అమ్మా," అన్నాను. "ఇందులో ఆముదం పోసినవా?"

అమ్మ కొంగు సర్దుకుంది. తప్పు చేసినట్టు కాదు. ఎవరో అనవసరంగా నిలదీసినట్టు.

"పోసిన. రోజింత పోసిన. డబ్బా అడుగుకొస్తుంది, కింది మడులు ఇంక ఉన్నయి. ఇంట్ల వండిన ఆముదం కుండెడుంది. పోస్తె ఏమైతది? బండి ఇరుసుకు ఆముదమే. మోట గిలకకు ఆముదమే. దీపానికి ఆముదమే. నీ బిడ్డ మాడుకు ఆముదమే. గీ ఇనుప ముండకు ఒక్కదానికే పడదా?"

ముందు గోపమ్మ నవ్వింది. తరవాత సైదయ్య. అమ్మకు ఇంకా కోపం వచ్చింది.

"ఎందుకు నవ్వుతరు? చెప్పున్రి, పడదా?"

అది నేను చెప్పగలిగిన మాట. ఆముదం మిగతా నూనెల లాంటిది కాదు. సారాయిలో సులువుగా కరుగుతుంది గానీ, కిరసనాయిలు, డీజిల్ లాంటి వాటిలో చల్లగా ఉన్నప్పుడు సరిగా కలవదు. వాటికంటే బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. ట్యాంకులోంచి నూనె ఇంజనుకు పోయేదీ అడుగు నుంచే. పొద్దున చలిలో చిక్కటి ఆముదం గొట్టంలోకి దిగితే, నాజిల్ దాన్ని సన్నగా చిమ్మలేదు. అది సరిగా మండదు. అదే తెల్లపొగ, అదే నీరసం. ఆ ముద్ద దాటిపోయి డీజిల్ వస్తే ఇంజను తేరుకుంటుంది. ఎండెక్కాక ట్యాంకు వేడికి రెండూ కొంత కలుస్తాయి, ఆముదం పలచబడుతుంది. అందుకే మధ్యాహ్నం బాగుంటుంది.

సైదయ్య అంతా విని తల ఊపాడు. "జల్లెడల జిగట కనబడ్డది. కనబడ్డా నూనె దిక్కు చూడలేదు. 'ముట్ట'నని నోటితో అన్నందుకు కండ్లు గూడ మూసుకున్న." అంతే అన్నాడు. ఆ తరవాత ఆ సంగతి ఎత్తలేదు.

జబ్బు తెలిసింది గానీ మడులు తడవలేదు. ట్యాంకులో, డబ్బాలో ఉన్నదంతా కలిసిన నూనే. కొత్త నూనెకు మిర్యాలగూడ పోతే దొరుకుతుందన్న నమ్మకం లేదు. దొరికేదాకా పైరు ఆగదు.

చల్లబడితే విడిపోయేదైతే చల్లబరుద్దామన్నాను. ఉన్న నూనెంతా ఇత్తడి బిందెల్లో పోసి, ఇంట్లో నీళ్ళ కుండలు పెట్టే తడి ఇసుకలో దించాం. ఆ రాత్రి వాటిని కదపొద్దని సైదయ్య గడప దగ్గరే పడుకున్నాడు. తెల్లవారి అమ్మ కొబ్బరి చిప్ప గరిటె తెచ్చింది. ఆముదం వండేటప్పుడు నీళ్ళ మీది నుంచి నూనె తేర్చడం ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఇప్పుడు ఆముదం మీది నుంచి డీజిల్ తేర్చింది. అడుగున ఉన్న ఆముదం కదల్లేదు. గరిటె చివర చిక్కదనం తగలగానే ఆపేది.

"చూడండి," అన్నాడు సైదయ్య మెల్లగా, ఎవరితోనో చెప్తున్నట్టు. "ఈ చెయ్యి మిల్లులో ఉంటె ఎంత బాగుండేది."

"మిల్లుల ఉంటె నిన్ను నేనే వెళ్ళగొడుదును," అంది అమ్మ తల ఎత్తకుండా.

తేర్చిన నూనె పోసి, జల్లెడ, గొట్టం కడిగి, ఇంజను తిప్పారు. పేలిక ట్యాంకు మరకే ఉంది. మేమంతా గడ్డిమోపు దగ్గర కూర్చున్నాం. చల్లటి పొద్దులో, రోజూ నీరసపడే సమయంలో, ఇంజను ఒకే తీరున కొట్టింది. ధార సన్నబడలేదు. అమ్మ లేచి కాలువ వెంట కింది మడులకు నడిచింది, ముందు నీళ్ళు, వెనక ఆమె.

నూనె మాత్రం చాలలేదు. చిట్టచివరి మడికి నీళ్ళు చేరేలోపు ట్యాంకు ఖాళీ అయింది. ఆ మడి తాలయింది. మిగతావి పండాయి. ఏడాది తిండికి సరిపోయింది, అమ్ముకోవడానికి మిగల్లేదు. బిందెల అడుగున మిగిలిన ఆముదం డీజిల్ కంపుకు దీపానికీ, పిల్ల మాడుకూ పనికిరాలేదు. అమ్మ దాన్ని కూడా పారేయలేదు, బండి ఇరుసుకు వాడింది.

సైదయ్య వెళ్ళేరోజు సాయంత్రం పిల్ల మళ్ళీ కాళ్ళు ముడుచుకొని ఏడ్చింది. నేను ఒక చేత్తో వాము నీళ్ళు, ఇంకో చేత్తో పొత్తి గుడ్డ పట్టుకొని, ఊయల మళ్ళీ పాత గదిలో కట్టమని అమ్మను పిలుస్తున్నాను. పైపులు బండికి కడుతున్న సైదయ్య ఆగి నన్నే చూశాడు. దగ్గరికి రాలేదు. జేబులోంచి పేలిక తీసి, పంటితో కొరికి, అంచు నుంచి సన్నటి ముక్క చించి గోపమ్మ చేతికిచ్చాడు. ఆమె తెచ్చి నా ఒళ్ళో వేసింది.

"మసిగుడ్డకడిగితె నాకియ్యలే, నీకిచ్చిండు," అంది. "దాచుకో."

ఇప్పుడు సూర్యాపేటలో ఉన్నాం. పిల్ల ఏడుపు మునుపటంత లేదు గానీ, నా భయం తగ్గలేదు. ఒక రోజు పాలు కక్కుతుంది, ఒక రోజు ఒళ్ళు వెచ్చబడుతుంది. అప్పుడు ఆ ఎర్రంచు ముక్క తెచ్చి, ఆ పూట మార్చిన ఒక్కదానికే కడతాను. ఒకసారి మందు సీసాకు, ఒకసారి ఊయల తాడుకు. దవాఖానకు తీసుకెళ్ళాల్సిన జ్వరమైతే తీసుకెళ్తాను, అది వేరు. మిగతా వాటికి బండి మీద నుంచి ఆయన అరిచి చెప్పిందే చేస్తున్నాను:

"ఒక్కదాన్నే మార్చు బిడ్డా. దాని సంగతి తేలేదాక రెండోదాని జోలికి పోకు. మార్చుడు ఎవరైనా మారుస్తరు, ఆగుడే కష్టం. చేతులు ఊకుండకపోతె, కట్టుకొని కూసో."